పరాయి ఊరొచ్చి పంతులైన బిషప్పు

రెడ్డిగూడెం, విస్సన్నపేట, తిరువూరు వైపు మామిడి తోటల మధ్య పల్లెల్లో సీఎస్ఐ చర్చిలు కనిపిస్తాయి. వాటి చరిత్ర తిరగేస్తే డోర్నకల్ పేరు తప్పకుండా వస్తుంది. డోర్నకల్ అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. రెడ్డిగూడెం ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లాలో ఉండేది. ఈ రెండిటినీ కలిపింది ఒక తమిళుడు, వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

కృష్ణా జిల్లాలో ఆయన కంటే చాలా ముందే సీఎంఎస్ (చర్చి మిషనరీ సొసైటీ) దొరలు పనిచేశారు. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం వచ్చారు. నోబుల్ గారి బడిలో పెద్ద కులాల పిల్లలే ఎక్కువ. పల్లెల్లో మార్పు మాత్రం మాలపల్లెల నుంచి మొదలైంది. 1859లో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య బాప్తిస్మం పొందాడు. ఆయన నుంచి బంధువులకు, వాళ్ల నుంచి వియ్యాలవారికి కబురు పాకింది. దొరల ప్రసంగాల కంటే ఈ చుట్టరికాల దారే పెద్ద పని చేసిందని నా నమ్మకం. అయితే సంఘాలు పెరిగేకొద్దీ వాటిని నడిపే మనుషులు చాలలేదు. మాలపల్లెలో రాత్రి కూర్చుని పాఠం చెప్పగలిగే పంతుళ్లు కావలసి వచ్చింది.

అజరయ్య 1874లో తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విళైలో పుట్టాడు. తండ్రి చర్చి గురువు. నాడార్ కులం. ఆ కులం తమిళనాట ఎన్ని అవమానాలు పడిందో చరిత్ర తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. వైఎంసీఏ కార్యదర్శిగా తిరుగుతూ 1902లో ఆయన జాఫ్నా వెళ్లాడు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో బయటి ప్రాంతాలకు సేవకులను పంపడం చూశాడు. తిరునెల్వేలి సంఘం అంతకంటే పాతది, పెద్దది, అయినా ఆ పని చెయ్యలేదు. ఆ సిగ్గే 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీకి పునాది వేసింది. డబ్బూ మనుషులూ పెత్తనమూ మనవే కావాలన్నది దాని నియమం. పనికి ఎంచుకున్న చోటు డోర్నకల్.

ఇతరులను పంపి తాను ఇంటిపట్టున ఉండటం అజరయ్య మనసుకు ఒప్పలేదు. 1909లో గురుపట్టం తీసుకుని భార్య అన్బుతో, పిల్లలతో డోర్నకల్ వచ్చేశాడు. మొదట్లో గుడారంలో కాపురం. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు అక్షరాలు దిద్దాడు. సేవకుడికి ఏమి కావాలో ఆయన పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. పరాయి ఊళ్లో, రాని భాషలో నలుగురి మధ్య నిలబడి నేర్చుకున్నాడు.

మరుసటి ఏడాది ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడాడు. దొరలు ఇస్తున్నారు, త్యాగం చేస్తున్నారు, కాని స్నేహం మాత్రం ఇవ్వడం లేదని వాళ్ల ముఖం మీదే చెప్పాడు. కొందరికి కోపం వచ్చింది. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికెక్కిన మొదటి భారతీయుడు ఆయనే. తర్వాత కృష్ణా జిల్లా సీఎంఎస్ సంఘాలు కూడా ఆయన అధ్యక్ష మండలంలో చేరాయి. అలా తిరువూరు వైపు పల్లెలకు ఆయన సొంత బిషప్పయ్యాడు.

సంఘ సేవకులను తయారుచేసే డోర్నకల్ వేదపాఠశాల, పరాయి ఊళ్లో ఆయన పొందిన అనుభవం నుంచే రూపం దిద్దుకుంది. బిషప్పుగా ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగే మనిషి, తిరిగొచ్చి అక్కడ పాఠం చెప్పేవాడు. బోధన తెలుగులోనే. విద్యార్థి భార్యాపిల్లలతో వచ్చేవాడు. భర్త వేదం చదువుతుంటే భార్య కూడా పాఠాలు నేర్చుకునేది. ఎందుకంటే పల్లెలో ఆడవాళ్లతో మాట్లాడవలసింది ఆవిడే. ఇంత సూటి ఆలోచన నేటి వేదాంత కళాశాలల్లో కూడా అరుదు. మాల, మాదిగ అన్న గీతను సంఘంలో చెరపాలని ఆయన పట్టుబట్టాడు. అది ఆయనకు చివరిదాకా తీరని పోరాటమైంది.

సంఘంలోకి వచ్చిన ప్రతివాడూ సేవకుడే అన్నది ఆయన పట్టు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లతో చేతులు తలమీద పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే అర్థం వచ్చే మాట పలికించేవాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగు దయ్యాలతో పోరాడమనేవాడు. 1935 నాటికి ఆ మండలంలో పల్లె పంతుళ్లు రెండు వేలు దాటారు.

1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ కేథడ్రల్‌లో, సంఘం మన నేలదే కావాలన్న ఆయన ఆలోచన రాతిలో కనిపిస్తుంది. స్తంభాలు మన గుడుల పద్ధతివి, గుమ్మటాలు ముస్లిం కట్టడాలను గుర్తుచేస్తాయి. స్తంభాల మీద తామర, ఉమ్మెత్త పూలు చెక్కారు. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశాడు. 1964లో రాజమండ్రిలో వివిధ సంఘాల వేదపాఠశాలలు కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అయ్యాయి. డోర్నకల్ బడి కూడా అందులో చేరింది. 1973లో ఆ కళాశాల హైదరాబాదుకు మారింది.

అజరయ్య పేరు చరిత్ర పుస్తకాల్లో పదిలంగా ఉంది. ఆ రెండు వేలమంది పంతుళ్ల పేర్లు, వాళ్లతో సమానంగా పనిచేసిన వాళ్ల భార్యల పేర్లు మాత్రం చాలావరకు ఎక్కడా లేవు. మీ తాతయ్య తరంలో మీ పల్లెకు వచ్చిన సంఘం పంతులు, పంతులమ్మ ఎవరో తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే, వాళ్లను అడిగి ఆ పేర్లు, ఊళ్లు ఇప్పుడే రాసి పెట్టండి.