ఇకిటోస్‌కు దారేది?

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లిమాలో పనిచేసే పెరూ సర్కారు ఉద్యోగికి ఇకిటోస్ బదిలీ అయిందంటే, ముందు తేల్చుకోవాల్సింది ఏ సముద్రం మీదుగా వెళ్ళాలన్నదే. రెండూ ఒకే దేశంలోని ఊళ్ళు. పక్షి ఎగిరినట్టు కొలిస్తే మధ్య దూరం వెయ్యి కిలోమీటర్లు. అయినా చాలామంది పసిఫిక్ తీరంలో ఓడెక్కి పనామా చేరి, అక్కడ రైల్లో ఆ సన్నటి నేల దాటి, అట్లాంటిక్ వైపు ఇంకో ఓడ పట్టుకుని, బ్రెజిల్ మీదుగా అమెజాన్ నదిలో ఎదురెక్కి స్వదేశంలోకి వెనక నుంచి ప్రవేశించేవారు. సూటిగా పోవాలంటే ఆండీస్ పర్వతాలు దాటాలి. కంచర గాడిదల మీద కొండలు ఎక్కి దిగి, ఆపైన దోనెల్లో కూర్చోవాలి. దానికన్నా ఖండం చుట్టి రావడమే నయమనుకునేవారు.

ఇకిటోస్ ఇప్పటికీ రోడ్డు చేరని ఊరే. నాలుగు లక్షల పైచిలుకు జనం ఉండి, బయటి నుంచి ఒక్క రోడ్డూ రాని నగరాల్లో ప్రపంచంలో ఇదే పెద్దది అంటారు. ఈ మాట చెప్పి దాన్ని ‘మారుమూల’ అనేయడం పత్రికలకు అలవాటు. కానీ ఎవరికి మారుమూల? ఐదు వందల ఏళ్ళ ప్రయాణాల చరిత్ర తిరగేస్తే, ఈ ఊరు కొందరికి ఎప్పుడూ దగ్గరే. ఇక్కణ్ణించి ఏం తీసుకుపోవాలో తెలిసినవాళ్ళకు దారి దొరకని రోజు లేదు.

ముందు నేల సంగతి. అమెజాన్ మీద అట్లాంటిక్ నుంచి సుమారు 3,600 కిలోమీటర్లు లోపలికి వచ్చినా ఇకిటోస్ సముద్ర మట్టానికి వంద మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ఇంత దూరానికి ఇంతే వాలు కాబట్టి సముద్రపు ఓడ నేరుగా ఊరి రేవుకి రాగలదు. పడమటి నుంచి వచ్చేవాడికి మాత్రం నాలుగు వేల ఎనిమిది వందల మీటర్ల కనుమ అడ్డం. ప్రకృతి ఈ ఊరిని తూర్పు ముఖంగా కట్టింది. రాజకీయం పడమటి రాజధానికి ముడివేసింది.

ఈ నీటి మీద ప్రయాణించిన తొలి యూరోపియన్లు ఇష్టపడి వచ్చినవాళ్ళు కారు. 1541లో క్విటో నుంచి దాల్చినచెక్క అడవులూ బంగారమూ వెతుక్కుంటూ గొంజాలో పిజారో దండు బయల్దేరింది. తిండి అయిపోయింది. ఆహారం తెస్తానని ఫ్రాన్సిస్కో దె ఒరెల్యానా యాభై మందికి పైగా మనుషులతో పడవలో కిందికి దిగాడు. ప్రవాహానికి ఎదురు తిరిగి రావడం వల్ల కాక అలాగే సాగిపోయాడు. 1542 ఫిబ్రవరిలో నాపో నది నుంచి అమెజాన్‌లోకి, ఆగస్టులో సముద్రంలోకి చేరాడు. పిజారో ఇది నమ్మకద్రోహం అన్నాడు. నిజానికి నది తీర్పు కూడా అందులో ఉంది. దిగువకి అది మోసుకుపోతుంది, ఎగువకి రానివ్వదు. దాదాపు వందేళ్ళకు పెద్రో తెయిషేరా అనే పోర్చుగీసు దళపతి నది ముఖద్వారం దగ్గరి పారా వైపు నుంచి క్విటోకి ఎదురెక్కాడు. దోనెల బారు, వందల కొద్దీ ఆదివాసీ తెడ్డువాళ్ళు ఉండి కూడా అతనికి ఏడాది దాకా పట్టింది.

పద్దెనిమిదో శతాబ్దం కథల్లో ఇసబెల్ గొదాన్ ప్రయాణాన్ని వదిలి ముందుకు పోలేం. భూమి ఆకారం కొలవడానికి ఫ్రాన్స్ నుంచి వచ్చిన లా కొందమీన్ బృందంలో ఆమె భర్త జాన్ గొదాన్ ఒకడు. అతను దారి చూసివస్తానని 1749లో అమెజాన్ మీదుగా ఫ్రెంచి గయానాకి వెళ్ళాడు. తిరిగి రావడానికి అనుమతి పత్రాలు దొరక్క ఇరవై ఏళ్ళు అక్కడే చిక్కుకుపోయాడు. చివరికి 1769లో ఇసబెల్ తానే రియోబాంబా నుంచి బయల్దేరింది. తోడుగా ఇద్దరు సోదరులు, మేనల్లుడు, నౌకర్లు, బోయీలు ఉన్నారు. ముందుగా వెళ్ళిన తండ్రి దారి పొడవునా పడవలు ఏర్పాటు చేశాడు కూడా. తీరా కనెలోస్ చేరేసరికి మశూచి ఆ ఊరిని ఊడ్చేసింది. పడవ నడపాల్సినవాళ్ళు రాత్రికి రాత్రి మాయమయ్యారు. కొందరు సాయం తెస్తామని ముందుకెళ్ళారు. మిగిలినవాళ్ళు ఇసుక మేట మీద వారాల తరబడి ఎదురుచూసి, తెప్ప కట్టుకుని, అది విరిగిపోయాక అడవిలో నడక మొదలుపెట్టారు. ఒక్కొక్కరూ రాలిపోయారు. ఇసబెల్ చనిపోయిన సోదరుడి బూట్ల అడుగులు కోసి కాళ్ళకి కట్టుకుని ఒంటరిగా నడిచింది. చివరికి ఒక నది ఒడ్డున ఆదివాసీలు ఆమెను చూసి కాపాడారు. మరుసటి ఏడాది ఆమె భర్తను కలుసుకుంది. నది తెలిసినవాళ్ళు పక్కన లేకపోతే పటమూ పలుకుబడీ కూడా పనికిరావని ఈ ప్రయాణం చెప్పినంత గట్టిగా ఆ కాలపు శాస్త్రగ్రంథాలేవీ చెప్పలేదు.

అప్పటికి ఇకిటోస్ అంటే జెసూట్ పాదరీలు నపెయానో, ఇకిటో తెగలను చేరదీసి పెట్టిన ఓ పల్లె. 1851లో అమెరికా నౌకాదళపు హెర్న్‌డన్ ఇటుగా వచ్చినప్పుడు జనం రెండు వందల పైచిలుకు మాత్రమే.

ఆ పల్లెను రేవుగా మార్చింది ఆవిరి. పెరూ అధ్యక్షుడు రమోన్ కస్తీయా ఇంగ్లండులో ఆర్డరిచ్చిన ఆవిరి ఓడలు, వాటితో పాటు ఓడల మరమ్మతు కార్ఖానాకి కావలసిన సరంజామా అట్లాంటిక్ దాటి నదిలోంచి ఇక్కడికి చేరాయి. 1864 జనవరి 5న ఆ ఓడలు వచ్చిన రోజునే ఊరు ఇప్పటికీ పుట్టినరోజుగా జరుపుకుంటుంది. మూడేళ్ళకు బ్రెజిల్ అమెజాన్‌ను అన్ని దేశాల ఓడలకీ తెరిచింది. ఎదురు ప్రవాహం ఇక అడ్డు కాదు. తెయిషేరాకి ఏడాది పట్టిన ఎగువ ప్రయాణం వారాల లెక్కలోకి వచ్చింది.

అప్పుడే లోకానికి రబ్బరు పిచ్చి పట్టింది. 1839లో గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును గట్టిపరచడం కనిపెట్టాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. రబ్బరు చెట్టు అప్పట్లో ఈ అడవుల్లో తప్ప పెద్దగా దొరకదు. లివర్‌పూల్ నుంచి బూత్ కంపెనీ ఓడలు నేరుగా ఇకిటోస్‌కే వచ్చేవి. ఇంగ్లీషు పౌన్లు ఊళ్ళో చెల్లుబాటయ్యేవి. వ్యాపారుల మేడలకు పోర్చుగల్ పలకలు అతికించారు. నడిబొడ్డు కూడలిలో ఇప్పటికీ నిలబడి ఉన్న ఇనుప ఇల్లు యూరప్‌లో తయారై, ముక్కలుగా ఓడ దిగి, ఇక్కడ బిగించినది. ఐఫెల్ కట్టాడని ఊరి గైడ్లు చెబుతారు గానీ ఆధారాలు గట్టివి కావు. భూమధ్యరేఖకు ఇంత దగ్గరలో, మిట్ట మధ్యాహ్నపు ఎండలో ఇనుప గోడల మధ్య ఎవరు సుఖపడ్డారో వాళ్ళకే తెలియాలి. డబ్బు ఉన్నచోట సౌకర్యం కన్నా దర్జాకే పెద్ద పీట.

ఆ దారిలోనే 1910 ఆగస్టు చివర్లో బ్రిటిష్ కాన్సల్ రోజర్ కేస్‌మెంట్ దిగాడు. హూలియో సెసర్ అరానా నడిపే పెరూవియన్ అమెజాన్ కంపెనీ లండన్‌లో రిజిస్టరైనది. పుటుమాయో నది ప్రాంతంలో దాని మనుషులు హుయితోటో, బోరా తెగలను కొరడాలతో, ఆకలితో, తుపాకులతో రబ్బరు కోతకు తోలుతున్నారని హార్డెన్‌బర్గ్ అనే అమెరికన్ బయటపెట్టాడు. కంపెనీ కొలువులో బార్బడోస్ నుంచి వచ్చిన బ్రిటిష్ ప్రజలు ఉన్నారు కాబట్టి విచారణకు బ్రిటన్‌కు హక్కు దొరికింది. కేస్‌మెంట్ లోపలికి వెళ్ళింది ఆ కంపెనీకే చెందిన ‘లిబరల్’ అనే ఆవిరి ఓడలో. నిందితుడి బండెక్కి నేరస్థలానికి వెళ్ళడమన్నమాట. మరో బండి లేదు. వీపుల మీద కొరడా గుర్తులు, కాటా మీద తూకం తగ్గితే పడే శిక్షలు, పిల్లల మోతలు అతను రాసుకొచ్చాడు. 1912లో నివేదిక అచ్చయింది. ఇకిటోస్ దూరం కాబట్టి ఈ ఘోరాలు జరిగాయని అప్పటి కొందరు సర్దిచెప్పుకున్నారు. రబ్బరుకు ఎన్నడూ దూరం కాని ఊరు, ఆ రబ్బరు తీసినవాళ్ళ గోడు వినాల్సి వచ్చినప్పుడే దూరమైపోయింది.

అదే దారిలో పతనమూ వచ్చింది. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్‌లోని సాంతరేమ్ దగ్గర నుంచి డెబ్భై వేల దాకా రబ్బరు గింజలు లండన్‌లోని క్యూ తోటకి పట్టుకెళ్ళాడు. మొలిచిన మొక్కలు సిలోన్‌కీ, మలయాకీ చేరాయి. మన కేరళ రబ్బరు తోటల మూలాలూ ఆ గింజల్లోనే ఉన్నాయి. వరసల్లో నాటిన తోట రబ్బరు చవకగా బజారుకొచ్చేసరికి 1912 తర్వాత ఇకిటోస్ కుప్పకూలింది. లివర్‌పూల్ ఓడలు పలచబడ్డాయి.

లిమా ఈలోపు చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1890ల్లో హోకిన్ కపెలో అనే ఇంజినీరు పిచిస్ నది దాకా కంచర గాడిదల బాట తీశాడు. రైలు కొండెక్కి లా ఒరోయా చేరింది. అయినా లిమా అధికారం ఇక్కడ ఎప్పుడూ పలచనే. 1896లో ఇకిటోస్ ఉన్న లోరెటో ప్రాంతం సమాఖ్య రాజ్యమని ప్రకటించుకుంది. 1921లో కెప్టెన్ సెర్వాంతెస్ తిరగబడి సొంత నోట్లే అచ్చువేయించాడు. రెండుసార్లూ తిరుగుబాటు వార్త ముందు చేరింది, సైన్యం చాలా వెనక వచ్చింది.

1928లో నౌకాదళం నడిపిన విమానాలు కొండల అంచున శాన్ రమోన్ నుంచి ఇకిటోస్ దారి పట్టాయి. చివరి అంచె నీటి మీద వాలే విమానాలదే. నదిని నమ్మిన ఊరికి విమానమూ నది మీదే వచ్చిందన్నమాట. తర్వాత జెట్లు వచ్చాయి. లిమా నుంచి రెండు గంటల లోపే. కానీ ఈ దారిలో కూడా అడవి తన లెక్క అడిగిన రోజుంది. 1971 డిసెంబరు 24న లిమా నుంచి పుకాల్పా మీదుగా ఇకిటోస్ వెళ్ళాల్సిన లాన్సా విమానం పిడుగుపాటుకి గాల్లోనే విచ్చిపోయింది. 92 మందిలో బతికింది పదిహేడేళ్ళ యూలియానా కోప్కే ఒక్కతే. ఒక కాలికే చెప్పు మిగిలింది. చిన్న వాగు దొరికితే దాన్ని పట్టుకో, అది పెద్ద నీటికి, పెద్ద నీరు మనుషుల దగ్గరికి చేరుస్తుందని జీవశాస్త్రవేత్త అయిన తండ్రి నేర్పాడు. రోజుల తరబడి నీళ్ళ వెంట నడిచి కలపకూలీల గుడిసె చేరుకుంది. ఇసబెల్‌కీ ఈమెకీ మధ్య రెండు వందల ఏళ్ళు గడిచాయి. అడవిలో దారి మాత్రం నీరే.

సామాన్యుడి దారి వేరు. 1943లో లిమా రోడ్డు ఆండీస్ దాటి పుకాల్పా చేరింది. అక్కడ రోడ్డు అయిపోతుంది, లాంచీ మొదలవుతుంది. ఉకయాలి నది మీద నాలుగైదు రోజులు. యూరిమాగ్వాస్ వైపు నుంచైతే రెండు మూడు రోజులు. మూడంతస్తుల ఇనుప లాంచీ ముందు పలక మీద సుద్దముక్కతో బయల్దేరే రోజు రాసి ఉంటుంది. సరుకు నిండకపోతే ఆ రోజును చెరిపి మరుసటి రోజు రాస్తారు. కింది అంతస్తులో సిమెంటు బస్తాలు, అరటి గెలలు, కోళ్ళ గంపలు. పైన ప్రయాణికులు ఎవరి వల ఊయల వాళ్ళే తెచ్చుకుని పైకప్పు కడ్డీలకు కట్టుకుంటారు. ఆలస్యంగా వచ్చినవాడికి ఇంజను పక్కనో, మరుగుదొడ్డి పక్కనో చోటు. గంట కొట్టగానే గిన్నె పట్టుకుని అన్నం వరసలో నిలబడాలి, గిన్నె తెచ్చుకోనివాడు పక్కవాణ్ణి బతిమాలుకోవాలి. వేసవిలో నీరు తీస్తే సరంగు ఇసుక మేటల మధ్య పాయ వెతుక్కుంటాడు. రాత్రుళ్ళు కొట్టుకొచ్చే దుంగల కోసం సెర్చ్‌లైటు తిప్పుతూ పోతాడు. నది కూడా ఒకచోట ఉండే రకం కాదు. ఒకప్పుడు ఇకిటోస్ గట్టును ఒరుసుకుపోయిన అమెజాన్ పక్కకి జరిగిపోయి, ఇప్పుడు ఊరి ముందు ఇతాయా నది మిగిలింది.

రోడ్డు ఎందుకు రాలేదంటే కొండలు, బురద, ఖర్చు అని చెబుతారు. సగం నిజమే. కానీ 1970ల్లో ఈ అడవుల్లో చమురు పడగానే, మరాన్యోన్ నది ఒడ్డు నుంచి ఆండీస్ మీదుగా పసిఫిక్ తీరంలోని బయోవార్‌కి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా గొట్టం వేశారు. చమురు కొండ దాటింది, మనిషి లాంచీలోనే ఉన్నాడు. దేశపు విద్యుత్ గ్రిడ్డూ ఈ ఊరికి రాలేదు, చమురు కాల్చి కరెంటు చేసుకుంటారు. 2020 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ విరుచుకుపడినప్పుడు ఆక్సిజన్ సిలిండర్లకు విమానమే దిక్కైంది. బజార్లో వాటి ధర ఆకాశానికంటింది. చివరికి చర్చి పిలుపుకి జనం చందాలు పోగేసి ఆక్సిజన్ ప్లాంటు తెప్పించుకున్నారు.

ఇకిటోస్ నుంచి ఉన్న ఒకే ఒక్క పెద్ద రోడ్డు వంద కిలోమీటర్ల దూరంలోని నౌటాకి. దానికి రెండు పక్కలా అడవి ఎలా పలచబడిందో ఉపగ్రహ చిత్రాల్లో చూడొచ్చు. ఇప్పుడు నానాయ్ నది మీద, అనుబంధ వంతెనలతో కలిపి రెండు కిలోమీటర్లు దాటిన వంతెన లేచింది. దాని అవతల వేయదలచిన రోడ్డు లిమా వైపు పోదు. మజాన్ మీదుగా కొలంబియా సరిహద్దున ఉన్న పుటుమాయో ఒడ్డుకి, కేస్‌మెంట్ విచారణకి వెళ్ళిన ఆ నదికే పోతుంది. దారిలో మైహునా ఆదివాసీల భూములు, వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడి సాధించుకున్న రక్షిత అడవి ఉన్నాయి. మమ్మల్ని అడగకుండా గీత గీశారన్నది వాళ్ళ అభ్యంతరం. ఈ దారిలో ఎవరు వస్తారో, ఏం పట్టుకుపోతారో ముందు చెప్పమంటున్నారు.