గ్రెగోరియన్ గాన లిపి: చేతిరాత నుండి కంప్యూటర్ ముద్రణ వరకు

పాశ్చాత్య సంఘం లాటిన్‌లో పాడిన గ్రెగోరియన్ గానం మొదట గురువు నోటి నుండి శిష్యుని చెవికి చేరిన సంపద. క్రీ.శ. 9వ శతాబ్దంలో పాఠంపై న్యూమ్‌లనే చిన్న గుర్తులు రాయడం కనిపిస్తుంది. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాల్ మఠంలో ఉన్న 359వ ప్రతి (10వ శతాబ్దం) ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఆ గుర్తులు స్వరస్థాయిని ఖచ్చితంగా చెప్పవు. ఏ పదాన్ని తేలికగా, ఏ పదాన్ని నిలిపి పాడాలో సూక్ష్మంగా చెబుతాయి. 11వ శతాబ్దంలో గైడో అరెజ్జో గీతల పద్ధతిని స్థిరపరచగా స్వరస్థాయి స్పష్టమైంది. కాని ఆ సూక్ష్మత క్రమంగా మరుగునపడింది.

అచ్చు మరొక మార్పు తెచ్చింది. 1614-15లో రోమ్‌లో మెడిచి ముద్రణాలయం ప్రచురించిన గ్రంథంలో సంపాదకులు దీర్ఘమైన ఆలాపనలను కుదించారు. ఫ్రాన్స్‌లోని సొలెమ్ మఠ సన్యాసులు 1889 నుండి ప్రాచీన ప్రతుల ఛాయాచిత్రాలను ప్రచురించి, మూలం ఎలా ఉండేదో అందరి కళ్లకు చూపించారు. ప్రాచీన ప్రతుల ఆధారంగా సవరించిన వాటికన్ ముద్రణ 1908లో వెలువడింది. 1979 నాటి ‘గ్రాడ్యువలే ట్రిప్లెక్స్’లో అచ్చయిన చతురస్ర స్వరాలకు పైన, కింద రెండు సంప్రదాయాల న్యూమ్‌లను చేతితో రాసి చేర్చారు.

నేడు ఈ పని కంప్యూటర్‌పై జరుగుతున్నది. 2006లో ప్రారంభమైన ‘గ్రెగోరియో’ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి అక్షరభాగం పక్కన కుండలీకరణాలలో స్వరాలను సూచించే అక్షరాలను టైపు చేస్తే, నాలుగు గీతలపై చతురస్ర స్వరాలు అమరుతాయి. ఒక హల్లు నుండి మరొక హల్లుకు నాలుక జారేచోట వచ్చే చిన్న స్వరాన్ని కూడా ఇది ముద్రించగలదు. సాధారణ ఐదు గీతల లిపిలోకి మార్చినప్పుడు తరచుగా పోయేది ఇదే. అది కేవలం అలంకారం కాదు, వాక్యోచ్చారణకు సాక్ష్యం.

అయినా ఏ ప్రతిని అనుసరించాలి, ఏ గుర్తును నిలపాలి అన్నది యంత్రం నిర్ణయించదు. ముద్రణ ఎంత అందంగా ఉంటే సంపాదకుని పొరపాటు అంత ప్రామాణికంగా కనిపిస్తుంది.

ఈ పాఠం మనకూ వర్తిస్తుంది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో కీర్తనలపై రాగం, తాళం పేర్లు ఉంటాయి. బాణీ మాత్రం సంఘ జ్ఞాపకంలోనే ఉంది. వాటిని కంప్యూటర్‌పై స్వరబద్ధం చేయబూనేవారు ఒక్క గాయకుని బాణీతో సరిపెట్టుకోక, వేర్వేరు ప్రాంతాల పెద్దల పాటను విని, భేదాలను ఊరి పేరుతో సహా నమోదు చేయాలి. కొలస్సయులకు 3:16 ప్రకారం కీర్తన ఒకరికొకరు బోధించుకునే సాధనం గనుక, దానిని భద్రపరచడం కూడా సంఘ పరిచర్యే.