తిథి (కన్నడ చిత్రం)

తిథి రామ్ రెడ్డి దర్శకత్వంలో 2015లో వచ్చిన కన్నడ హాస్య చిత్రం. కర్ణాటకలోని మండ్య జిల్లా నొదెకొప్పలు ఊళ్లో ఒక ముసలాయన చావుకూ, పదకొండో రోజు కర్మకూ మధ్య నడిచే కథ ఇది. పనీపాటా లేని తిరుగుడునూ, వీధి కబుర్లనూ ఎక్కడా చులకన చేయకుండా చూపడం దీని ప్రత్యేకత.

నేపథ్యం

ప్రాగ్‌లో సినిమా చదువుకున్న రామ్ రెడ్డికి ఇదే తొలి పూర్తి నిడివి చిత్రం. నొదెకొప్పలుకు చెందిన మిత్రుడు ఈరేగౌడతో కలిసి రచన చేశాడు. ముందు కథ రాసుకుని నటులను వెతకలేదు. ఊళ్లో తారసపడిన మనుషుల చుట్టూ కథ అల్లుకున్నారు. అందుకే ప్రధాన పాత్రలన్నీ కెమెరా ముందుకు ఎప్పుడూ రాని పల్లెటూరివాళ్లవే. మాటలు మండ్య యాసలో ఉంటాయి.

కథ

నూటొక్క ఏళ్ల సెంచరీ గౌడ వీధిలో కూర్చుని దారిన పోయేవాళ్లను పేరుపేరునా తిడుతుంటాడు. కాసేపటికే కుప్పకూలి చనిపోతాడు. కొడుకు గడ్డప్పకు ఆ చావు పట్టదు. బ్రాందీ సీసా, సిగరెట్టు, పొలం గట్ల మీద నడక, అంతే అతని లోకం. మనవడు తమ్మన్నకు మాత్రం తాత పేరున ఉన్న ఐదెకరాల మీదే కన్ను. తండ్రి సంతకానికి రాకపోవడంతో, అతను చనిపోయినట్టు దొంగ పత్రం పుట్టిస్తాడు. ఊళ్లో కనబడకుండా దేశం చూసి రమ్మని డబ్బిచ్చి పంపుతాడు. గడ్డప్ప దూరం వెళ్లడు, దారిలో కనిపించిన గొర్రెల కాపరుల గుంపులో కలిసిపోతాడు. మునిమనవడు అభి అదే గుంపులోని కావేరి వెంట తిరుగుతుంటాడు.

రాత్రి కాపరుల మధ్య గడ్డప్ప తన గతం చెప్పే సన్నివేశం చిత్రానికి ప్రాణం. అతని తీరికను అంతవరకూ బద్ధకం అనుకున్న ప్రేక్షకుడికి, దాని వెనక పెద్ద దెబ్బ ఉందనీ, ఆస్తి మీద విరక్తి అక్కడే పుట్టిందనీ అప్పుడు తెలుస్తుంది. ఆస్తి కోసం పరుగులు తీసే తమ్మన్నను సైతం చిత్రం దుర్మార్గుడిగా చూపదు.

ఆదరణ, ప్రభావం

2015 లొకార్నో చిత్రోత్సవంలో వర్ధమాన దర్శకుల విభాగపు గోల్డెన్ లెపర్డ్, ఉత్తమ తొలి చిత్రం పురస్కారం దక్కాయి. 63వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ కన్నడ చిత్రంగా నిలిచింది. 2016 మేలో కర్ణాటకలో విడుదలయ్యాక గడ్డప్పగా చన్నేగౌడ, సెంచరీ గౌడగా సింగ్రిగౌడ ఇంటింటా తెలిసిన ముఖాలయ్యారు. అదే ఏడాది వాళ్లిద్దరూ ‘తర్లే విలేజ్’ చిత్రంలో మళ్లీ కనిపించారు. ఈరేగౌడ దర్శకుడిగా తీసిన ‘బళెకెంప’ 2018 రోటర్‌డామ్ ఉత్సవంలో విమర్శకుల పురస్కారం గెలుచుకుంది.