మెదక్ చర్చి: కరవు రోజుల్లో లేచిన గోథిక్ కట్టడం

హైదరాబాద్‌కు ఉత్తరాన దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది మెదక్. అక్కడి చర్చి గంట గోపురం ఎత్తు 175 అడుగులు. కట్టడం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. ఒకేసారి సుమారు 5 వేల మంది ప్రార్థనలో పాల్గొనవచ్చు.

దీన్ని కట్టించింది వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్. పనులు 1914లో మొదలయ్యాయి, 1924 డిసెంబర్ 25న చర్చిని ప్రతిష్ఠించారు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం, కరవు వచ్చాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆకలితో వచ్చినవారికి పని ఇచ్చి, తిండి పెట్టారు. ప్రభుత్వాల ‘పనికి ఆహారం’ పథకాలకు చాలా ముందు మాట ఇది. మెదక్ ప్రాంతంలో క్రైస్తవంలోకి వచ్చినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. ఊరి గుడి గడప తొక్కనివ్వని రోజుల్లో వాళ్లు ఇంత పెద్ద ప్రార్థనాలయంలో కూర్చోగలిగారు. కరవులో అన్నం పెట్టడానికీ మతం మారడానికీ ఉన్న సంబంధంపై వాదన మాత్రం ఇప్పటికీ ఆగలేదు.

గోథిక్ శైలి 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పుట్టింది. మొనదేలిన కమానులు, పైకి లాగినట్టుండే గోపురాలు, పెద్ద రంగు గాజు కిటికీలు దాని గుర్తులు. 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఈ శైలికి మళ్లీ ఆదరణ వచ్చింది, మెదక్‌కు చేరింది ఆ రూపమే. స్తంభాలు బూడిద రంగు రాతివి. నేలపై పరిచిన మొజాయిక్ పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి.

చూడాల్సింది కిటికీలనే. బ్రిటిష్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసిన మూడింటిలో క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమర్చారు. బయటి వెలుగు గాజులోంచి లోపలికి వస్తేనే బొమ్మ కనిపిస్తుంది. అందుకే చీకటి పడ్డాక వెళితే లాభం లేదు.

‘వాటికన్ తర్వాత ఇదే పెద్దది’ అనే మాట తరచూ వినిపిస్తుంది. వాటికన్ క్యాథలిక్కులది, ఇది ప్రొటెస్టెంట్ చర్చి. ఆ పోలికకు అర్థం లేదు. అసలు 1924లో ఇది కెథెడ్రల్ కూడా కాదు. బిషప్ పీఠం ఉన్న చర్చినే కెథెడ్రల్ అంటారు, బ్రిటిష్ మెథడిస్టులకు బిషప్పులు లేరు. 1947 సెప్టెంబర్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొన్ని శాఖలు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడి, మెదక్ డయోసిస్ వచ్చాకే ఆ హోదా దక్కింది.