వెంటిలేటర్ సంబంధిత న్యుమోనియా

శ్వాసనాళంలో గొట్టం అమర్చి వెంటిలేటర్ ద్వారా కృత్రిమ శ్వాస అందిస్తున్న రోగికి, గొట్టం వేసిన 48 గంటల తరువాత ఊపిరితిత్తులలో కలిగే ఇన్ఫెక్షన్‌ను వెంటిలేటర్ సంబంధిత న్యుమోనియా అంటారు. పేరులో యంత్రం ఉన్నప్పటికీ, సూక్ష్మజీవులు లోనికి చేరే ప్రధాన మార్గం గొట్టమే. అందువలన గొట్టపు నిర్మాణానికీ, గొట్టం ఉన్నన్నాళ్ళు రోగికి చేసే సంరక్షణకూ నివారణలో ప్రాధాన్యత ఉన్నది. పురుగుమందుల విషప్రభావానికి గురైనవారు అధికసంఖ్యలో చేరే వరంగల్ ప్రాంతపు ఆసుపత్రులకు ఇది ముఖ్యమైన విషయం.

వ్యాధి కలిగే విధానం

ఆరోగ్యవంతునిలో మింగడం, దగ్గు, స్వరపేటిక మూసుకొనడం అనే మూడు ప్రక్రియలు నోటిలోని ద్రవాలను ఊపిరితిత్తులలోనికి పోనీయవు. నోటినుండి స్వరపేటిక గుండా గొట్టం వేసినపుడు ఈ రక్షణ లోపిస్తుంది. గొట్టం చివర కఫ్ అనే గాలిబుడగ ఉంటుంది. ఇది ఉబ్బి శ్వాసనాళపు గోడకు ఆనుకొని గాలి వెనుకకు రాకుండా ఆపుతుంది. అయితే బుడగలో ఏర్పడే సన్నని ముడతల గుండా, దానిపైన నిలిచిన లాలాజలం కొద్దికొద్దిగా క్రిందికి జారుతుంది. గొట్టం లోపలి గోడపై సూక్ష్మజీవులు బయోఫిల్మ్ అనే జిగురు పొరను కూడా ఏర్పరచుకుంటాయి. ఎసినెటోబాక్టర్, సూడోమోనాస్, క్లెబ్సియెల్లా భారతదేశంలో ఈ వ్యాధికి తరచుగా కారణమయ్యే బాక్టీరియాలు. వీటిలో అనేక రకాలు యాంటీబయాటిక్ మందులకు లొంగవు.

గొట్టపు చరిత్ర

మొదటి ప్రపంచయుద్ధం తరువాత ముఖానికి గాయాలైన సైనికుల శస్త్రచికిత్సల కొరకు ఇంగ్లాండులో ఐవన్ మాగిల్, ఎడ్గర్ రౌబాథమ్ రబ్బరు గొట్టాలను వాడుకలోనికి తెచ్చారు. 1928లో అమెరికా వైద్యులు ఆర్థర్ గెడెల్, రాల్ఫ్ వాటర్స్ బుడగ కలిగిన గొట్టాన్ని వర్ణించారు. బుడగ నీటిని ఆపగలదని చూపుటకు గెడెల్ మత్తుమందు ఇచ్చిన కుక్కకు ఈ గొట్టం అమర్చి, దానిని నీటిలో ముంచి ప్రదర్శించాడు. తరువాతి కాలంలో రబ్బరు స్థానంలో పి.వి.సి. ప్లాస్టిక్ వచ్చింది. శ్వాసనాళపు గోడ ఒత్తిడికి దెబ్బతినకుండా తక్కువ ఒత్తిడితో పనిచేసే వెడల్పైన బుడగలు వచ్చాయి. ముడతల సమస్య వీటితోనే మొదలైనది.

నిర్మాణంలో మార్పులు

* బుడగపైన చూషణ మార్గం: బుడగకు పైభాగాన తెరుచుకునే మరొక సన్నని నాళం ద్వారా నిలిచిన స్రావాలను పీల్చివేస్తారు. పలు పరిశోధనల ఫలితాలను కలిపి చూసినపుడు న్యుమోనియా దాదాపు సగానికి తగ్గినది. మరణాల సంఖ్యలో మాత్రం స్పష్టమైన తగ్గుదల కనబడలేదు.
* వెండిపూత గొట్టాలు: 2008లో ప్రచురితమైన ఒక పరిశోధనలో న్యుమోనియా సాధారణ గొట్టాలతో 7.5 శాతం మందికి, వెండిపూత గొట్టాలతో 4.8 శాతం మందికి కలిగినది. మరణాలలో తేడా లేదు.
* పలుచని పాలీయురిథేన్ బుడగలు, శంకు ఆకారపు బుడగలు: ప్రయోగశాలలో కారుడు తగ్గినప్పటికీ, రోగులలో నిలకడైన ప్రయోజనం కనబడలేదు.

నివారణ

నివారణ చర్యలలో అనేకం ఖర్చులేనివి. 1999లో బార్సిలోనాలో జరిగిన పరిశోధనలో, వెల్లకిలా పడుకోబెట్టిన వారిలో 34 శాతం మందికి న్యుమోనియా లక్షణాలు కలుగగా, తలవైపు 45 డిగ్రీలు ఎత్తి ఉంచిన వారిలో 8 శాతం మందికే కలిగాయి. బుడగలో ఒత్తిడి 20 నుండి 30 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానంగా ఉండాలి. తగ్గితే ద్రవం కారుతుంది, పెరిగితే శ్వాసనాళపు గోడకు రక్తప్రసరణ తగ్గుతుంది. చేతులు శుభ్రపరచుకొనడం, రోగి పళ్ళు తోమడం, మత్తుమందు తగ్గించి స్వయంగా శ్వాసించగలడేమో ప్రతిదినం పరీక్షించడం ముఖ్యమైనవి. ఒకప్పుడు విరివిగా వాడిన క్లోర్‌హెక్సిడిన్ నోటిద్రావణాన్ని 2022 అమెరికా మార్గదర్శకాలు సిఫారసు చేయలేదు. గొట్టం ఎంత త్వరగా తీయగలిగితే ప్రమాదం అంత తగ్గుతుంది.

వరంగల్ ప్రాంతంలో

హనుమకొండ, వరంగల్, కాజీపేట కలిసి ఎదిగిన నగరంలో ప్రధాన ప్రభుత్వ వైద్యాలయం మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి. 1959లో స్థాపించబడిన కాకతీయ వైద్య కళాశాలకు ఇది బోధనాసుపత్రి. 1997 - 2002 మధ్యకాలంలో పురుగుమందుల విషప్రభావంతో ఇక్కడ 8,040 మంది చేరారనీ, వారిలో 22.6 శాతం మంది మరణించారనీ 2005లో ప్రచురితమైన అధ్యయనం తెలుపుతున్నది. 2002లో చేరినవారిలో మూడింట రెండువంతులు 30 ఏళ్ళలోపువారే.

మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గనోఫాస్ఫేట్ మందులు శరీరంలో చేరినపుడు లాలాజలం, ఊపిరితిత్తుల స్రావాలు విపరీతంగా పెరుగుతాయి. స్పృహ తప్పినవారికి వాంతి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. ఒకటి నుండి నాలుగు రోజులలో శ్వాసకండరాలు బలహీనపడవచ్చును. ఇటువంటివారికి వెంటిలేటర్ అనేక దినాలు అవసరమవుతుంది. బుడగపైన ద్రవం అధికంగా చేరడం, గొట్టం ఎక్కువకాలం ఉండడం అనే రెండు కారణాలూ వీరిలో కలుస్తాయి. విషం నుండి తేరుకుంటున్న రోగికి న్యుమోనియా రెండవ ప్రాణాపాయం కాగలదు. ఆ దినాలలో మంచం తలవైపు దించకుండుట, నోటి శుభ్రత, బుడగ ఒత్తిడిని గమనించుట ఏ ఆసుపత్రిలోనైనా చేయదగినవి. గొట్టం ఉన్న రోగికి బంధువులు నోటిద్వారా నీరుగానీ పాలుగానీ పోయరాదు.