కార్యాలయ యంత్రములు - జోస్యముల చరిత్ర

సంవత్సరాంతము సమీపించినపుడెల్ల, రాబోవు ఏట కార్యాలయములలో ఏ యంత్రములు ప్రవేశించునో, ఏ ఉద్యోగములు నిలుచునో, ఏవి పోవునో తెలుపు అంచనాలు వెలువడుచుండును. ఉగాదినాటి పంచాంగ శ్రవణమువలె వీనిని శ్రద్ధగా వినువారు అనేకులు. వీనిని నమ్మి సంస్థలు ధనము వెచ్చించును. విద్యార్థులు తమ చదువును ఎన్నుకొందురు. కనుక ఇట్టి అంచనాలలో ఏవి ఫలించినవి, ఏవి తప్పినవి, ఎందుచేత తప్పినవి అని విచారించుట అవసరము.

‘ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ’ అను పేరు వ్యాప్తిలోనికి వచ్చుటయే ఒక జోస్యముతో మొదలైనది. 1958లో ‘హార్వర్డ్ బిజినెస్ రివ్యూ’ అను పత్రికలో హెరాల్డ్ లెవిట్, థామస్ విస్లర్ అను ఇద్దరు అమెరికను ఆచార్యులు, 1980 తరువాత సంస్థల నిర్వహణ ఎట్లుండునో ఊహించి ఒక వ్యాసము వ్రాసిరి. వేగముగా లెక్కలు కట్టు యంత్రములును, గణితముతో సమస్యలను తేల్చు పద్ధతులును కలసిన ఈ కొత్త విద్యకు స్థిరమైన పేరు లేనందున వారే ఈ పేరు పెట్టిరి. పై అధికారులకును క్రింది ఉద్యోగులకును నడుమ ఉండువారి పని చాలవరకు యంత్రముల పాలగునని, ముఖ్య నిర్ణయములు మరల పై అంతస్తునకే చేరునని వారి అంచనా. 1980 తరువాత అమెరికాలోని పెక్కు సంస్థలు నడిమి అంతస్తులను తగ్గించిన మాట నిజము. కాని ఆ అధికారులు అంతరించలేదు. 1958లో కంప్యూటరనగా ఒక గదిని నింపు యంత్రము. అది ప్రతి ఉద్యోగి బల్లమీదికి వచ్చిన పిమ్మట, పైవారికి తెలిసిన సమాచారము క్రిందివారికిని అందుబాటులోనికి వచ్చినది.

యంత్రమును గూర్చిన అంచనా ఎంత చక్కగా ఫలింపగలదో 1965 నాటి మరియొక వ్యాసము చూపుచున్నది. గోర్డన్ మూర్ అను శాస్త్రజ్ఞుడు, ఒక సిలికాను పలకపై ఇమిడ్పగల భాగముల సంఖ్య ఏటేట రెట్టింపగుచున్నదని గమనించి, 1975 నాటికి అది 65,000 కాగలదని వ్రాసెను. విద్యార్థులు ఈ లెక్కను తామే కట్టి చూడవచ్చును: 64తో మొదలిడి పదిమార్లు రెట్టింపు చేసినచో 65,536 వచ్చును. 1975లో మూర్ తన అంచనాను తానే సవరించి, ఇకమీదట రెండేండ్ల కొకమారు రెట్టింపగునని చెప్పెను. ఆ సవరించిన లెక్క దశాబ్దముల తరబడి సుమారుగా సరిపోయినది. భాగము చిన్నదైనకొలది దాని వెల తగ్గుట ఇందుకు ముఖ్య కారణము. పైగా తయారీదారులందరును ఆ అంచనానే గమ్యముగా పెట్టుకొని పనిచేసిరి.

ఇక కాగితము సంగతి చూతము. 1975లో ‘బిజినెస్ వీక్’ పత్రిక భావికాలపు కార్యాలయమును గూర్చి ఒక వ్యాసము ప్రచురించినది. జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమునకు అధిపతియైన జార్జి పేక్, 1995 నాటికి తన బల్లమీద టెలివిజను వంటి తెరయు, మీటల పలకయు ఉండునని, మీట నొక్కిన దస్తావేజులును ఉత్తరములును తెరపైకి వచ్చునని అందులో చెప్పెను. అక్షరాల అట్లే జరిగినది. కాని అదే వ్యాసములో మరియొక నిపుణుడు 1980 నాటికే కార్యాలయములలో కాగితము వాడకము తగ్గుముఖము పట్టవలెనని అంచనా వేసెను. అది తప్పినది. అబిగైల్ సెల్లెన్, రిచర్డ్ హార్పర్ అను పరిశోధకులు ఈ విషయమును పరిశీలించి 2001లో ఒక గ్రంథము ప్రకటించిరి. ఈ-మెయిలు ప్రవేశించిన సంస్థలలో కాగితము వాడకము సగటున 40 శాతము పెరిగినదని అందు తెలిపిరి. వ్రాయుట, పంపుట, అచ్చువేయుట సులభమైనకొలది జనులు ఎక్కువగా అచ్చువేసికొనిరి. కాగితమును ప్రక్కప్రక్కన పరచి పోల్చవచ్చును, అంచున గురుతులు వ్రాసికొనవచ్చును, చేతికందింపవచ్చును. ఈ సదుపాయములు ఆనాటి తెరకు లేవు. లేసరు ప్రింటరు రూపొందినది కూడ పేక్ నడపిన ఆ పరిశోధనాలయములోనే! కార్యాలయ కాగితము అమెరికాలో తగ్గుట మొదలైనది ఈ శతాబ్దములోనే.

కొన్ని జోస్యములు తప్పలేదు గాని, ఆలస్యమైనవి. ఇంటినుండియే టెలిఫోను తీగల మూలమున ఆఫీసు పని చేయవచ్చునని అమెరికాలో జాక్ నిల్లెస్ 1973లో ప్రతిపాదించెను. కావలసిన యంత్రములు 2000 నాటికే పెక్కు సంస్థలకు అమరినవి. అయినను ఉద్యోగులు ఎదుట కూర్చుండినగాని పని జరుగదను అలవాటు పోలేదు. 2020 మార్చిలో కరోనా వ్యాధి వ్యాపించినపుడు ఆ అలవాటు కొలది దినములలో మారినది. హైదరాబాదు సాఫ్ట్‌వేరు ఉద్యోగులు అనేకులు తమ ఊళ్లకు పోయి, అచ్చటినుండియే పని సాగించిరి. దీనికి హేతువు కొత్త యంత్రము కాదు, ఒక వ్యాధి.

మరికొన్ని మార్పులు పనిని దగ్గరనుండి చూచినవారివలన వచ్చినవి. 1978లో డాన్ బ్రిక్లిన్ అను విద్యార్థి హార్వర్డ్ బిజినెస్ స్కూలులో చదువుచుండెను. నల్లబల్లమీద వ్రాసిన ఆదాయ వ్యయముల పట్టికలో ఒక అంకె మారినచో, ఉపాధ్యాయుడు దానిపై ఆధారపడిన అంకెలన్నిటిని తుడిచి మరల వ్రాయవలసి వచ్చుట అతడు గమనించెను. ఈ శ్రమను తప్పించుటకు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలసి ‘విసికాల్క్’ అను ప్రోగ్రామును నిర్మించెను. 1979లో అది విక్రయమునకు వచ్చినపుడు, దానికొరకే పలువురు ‘యాపిల్’ కంప్యూటర్లు కొనిరి.

పనిని ఇట్లు ముందుగా పరిశీలించినందువలననే లండనులో ఒక తేనీటి వ్యాపార సంస్థ అందరికంటె ముందడుగు వేయగలిగినది. లయన్స్ కంపెనీవారు తమ గుమాస్తాల పనిని ఏండ్ల తరబడి అంశములవారీగా పరిశీలించుచుండిరి. కంప్యూటరు కార్యాలయమునకు పనికివచ్చునా అని చూచుటకు 1947లో ఇద్దరు ఉద్యోగులను అమెరికా పంపిరి. పిమ్మట కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో నిర్మాణములోనున్న గణనయంత్రమునకు 3,000 పౌనులు విరాళమిచ్చి, దాని నమూనాను అనుసరించి ‘లియో’ అను యంత్రమును తామే నిర్మించుకొనిరి. 1951 నవంబరులో అది తమ రొట్టెల కర్మాగారపు లెక్కలను కట్టనారంభించెను. ఒక ఉద్యోగి జీతము లెక్కకట్టుటకు గుమాస్తాకు 8 నిమిషములు పట్టుచుండగా, లియో ఒకటిన్నర సెకనులో ముగించెను. వారికి ఏ పని యంత్రమున కప్పగింపదగినదో ముందే తెలియును.

2022 నవంబరులో ‘చాట్ జీపీటీ’ వెలువడిననాటినుండి ఉద్యోగములను గూర్చిన జోస్యములు మరల ముమ్మరమైనవి. వానిని చదువునపుడు, అది యంత్రము చేయగల పనిని గూర్చినదా, మనుష్యుల అలవాటును గూర్చినదా అని ముందుగా అడుగవలెను. రెండవదియైనచో, ఆ పనిని వ్రాసినవారు దగ్గరనుండి చూచిరా అని కూడ అడుగవలెను. ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలోనే పరీక్షింపజేయవచ్చును. డిసెంబరులో పత్రికలలో వచ్చు అంచనాలను విద్యార్థులచేత రెండు వరుసలలో వ్రాయింపవలెను: యంత్రములను గూర్చినవి ఒక వరుస, మనుష్యుల పనిని గూర్చినవి మరియొక వరుస. ఆ నోటు పుస్తకమును భద్రపరచి, మరుసటి డిసెంబరులో తెరచి, ఏ వరుసలో ఎన్ని ఫలించినవో లెక్కింపవలెను.