పసుపు చొక్కా తొడుగని పులిదోర్

కారెంపూడిలో నాగులేటి యొడ్డున ఏటేట కార్తికమాసమున వీరారాధన జరుగుచున్నది. కోడిపందెమున నోడి యేడేండ్లు నాడు విడిచి, మరలి వచ్చి, తుదకు రణమున ఆప్తులను గోలుపోయిన బ్రహ్మనాయని కథలో జయించినవా రెవ్వరని యడిగినచో పల్నాటి వృద్ధుడైన ఒక్క క్షణము తడుముకొనునుగాని, నేలకూలిన బాలచంద్రుని పేరు పసిబాలుడును తడుముకొనక చెప్పును. అట్టి గడ్డపై బుట్టిన నాకు, ఫ్రాన్సుదేశపు జనులు తమ సైకిలు వీరులలో ఐదుమారులు గెలిచిన జాక్ ఆంక్తీలును గౌరవించి, ఒక్కమారును గెలువని రేమోఁ పులిదోరును ప్రేమించిరన్న వృత్తాంతము వింతగా దోపలేదు. ఆ పేరు మన నాలుకపై పులిదొరగా మాఱుట యింకొక సౌలభ్యము.

సైకిలు త్రొక్కుటయే జీవికగా గలవారిని మన పల్లెలును ఎఱుగనివి కావు. బడి ముంగిట మైకు కట్టి, రాత్రింబవళ్ళు నేల కాలు మోపక గుండ్రముగా సైకిలు త్రొక్కుచు, స్నానభోజనములు సైతము దానిపైననే కానిచ్చి, చూడవచ్చినవారి చదివింపులతో బ్రదికినవారు ఒకప్పుడు ఊరూర కనబడుచుండిరి. ఫ్రాన్సులో ఆ వలయము దేశమంత యయ్యెను. 1903లో ‘లోటో’ యను పత్రిక తన అమ్మకము పెంచుకొనుటకై టూర్ ద ఫ్రాన్సును నెలకొల్పెను. అన్ని దినముల కాలమును కూడగా ఎవ్వనిది తక్కువయో వాడే అగ్రగామి. వానిని గుర్తించుటకై 1919లో పసుపు చొక్కా యేర్పడెను. ఆ పత్రిక పసుపు కాగితముపై అచ్చగుటయే ఆ రంగునకు హేతువందురు.

పులిదోర్ 1936 ఏప్రిల్ 15న, క్రూజ్ ప్రాంతమందలి మాస్బరో-మెరిన్యా యను పల్లెలో, పరుల పొలము దున్ని పంటలో పాలు పంచుకొను కుటుంబమున జన్మించెను. 1960లో మెర్సియే జట్టున జేరి, 1977లో విరమించువఱకు దానిని వీడలేదు. చేరిన మఱుసటి యేడే మిలాన్–సాన్ రెమో పందెమును గెలిచెను. 1962లో తన తొలి టూరును విఱిగిన చేతికి పిండికట్టుతో నారంభించి మూడవవాడుగా ముగించెను. నార్మండీవాడైన ఆంక్తీల్ వీనికి రెండేండ్లు పెద్ద. ఒంటరిగా గడియారముతో పోటీపడు పందెములలో నతనికి సాటి లేరు. అవసరమునకు మించి ఒక్క సెకనైన వ్యయింపని లోభి.

1964 వేసవిలో నీయిద్దఱును విజయగర్వముతోనే వచ్చిరి: ఆంక్తీల్ ఇటలీ యాత్రను, పులిదోర్ స్పెయిన్ యాత్రను అప్పుడే గెలిచియుండిరి. మొనాకోలో ఆనాటి గమ్యము క్రీడాప్రాంగణపు బాటపై నుండగా, ఇంకొక చుట్టు మిగిలియున్నదని గమనింపక పులిదోర్ ముందుగనే శక్తినంతయు వెచ్చించి పరుగు ముగిసినదనుకొనెను. చుట్టు నెఱుగు ఆంక్తీల్ గెలిచి, విజేతకిచ్చు నిమిషపు తగ్గింపును దక్కించుకొనెను. జులై 12న పుయీ ద దోమ్ అను ఆఱిన అగ్నిపర్వతముపై, ఇరుప్రక్కల జనము గోడకట్టినట్లు నిలువగా, వారిద్దఱు భుజము భుజము నొరయుచు, ఒకని యలసట నొకడు పసిగట్టరాకుండ దాచుకొనుచు, పైకెక్కిన దృశ్యమును ఛాయాచిత్రములలో నేటికిని జూడవచ్చును. చివరి కిలోమీటరులోగాని పులిదోర్ విడివడి ముందునకు బోలేదు. 42 సెకనులు లాగికొనెను. అగ్రగామియైన ఆంక్తీలునకు ఇంకను 14 సెకనుల ఆధిక్యము మిగిలిపోయెను. ప్యారిస్ చేరునప్పటికి అంతరము 55 సెకనులు. మొనాకోలో ప్రత్యర్థికి దక్కిన నిమిషము దీనికంటె నైదు సెకనులు పెద్దది.

దురదృష్టవంతుడని లోకము జాలిపడినది. నాకట్లు దోపదు. ప్రక్కవాని ఊపిరి సన్నగిలుచుండ ఇంకను ప్రక్కనే త్రొక్కుచుండుట విధి చేసిన పని కాదు, తెగింపు చాలమియే. అయినను దారిప్రక్కన నిలిచిన రైతులు తమ ఇంటివానివలె వానికే ‘పూపూ’ యని చప్పట్లు కొట్టిరి. గెలిచినవానికి మాత్ర మది తీరని కినుక యయ్యెను.

ఆ పిమ్మట కథ త్వరగా నడచును. 1965లో ఆంక్తీల్ రాకపోయినను, క్రొత్తగా వచ్చిన ఇటలీ యువకుడు జిమోందీ గెలుపును తన్నుకుపోయెను. 1968లో మోటారుసైకిలు ఢీకొని పులిదోర్ మధ్యలోనే విరమించెను. అంతట బెల్జియమునుండి మెర్క్స్ వచ్చెను. ఇంక అందఱును రెండవవారే. ఐనను 1972లో పారిస్–నీస్ పందెమున నా మెర్క్స్‌నే యోడించిన ఘనత వీనిదే. 1973 టూరు తొలినాటి చిన్న పందెములో సెకనులో నూఱింట ఎనుబది పాళ్ళ తేడాతో పసుపు చొక్కా తప్పిపోయెను. 1974లో ముప్పదియెనిమిదవయేట రెండవస్థానము, 1976లో నలువదవయేట మూడవస్థానము. మొత్తము మొదటి మువ్వురిలో ఎనిమిదిమార్లు నిలిచియు నొక్క దినమైన ఆ చొక్కా తొడుగలేదు. విరమణానంతరము ఆ చొక్కాను పోషించు బ్యాంకు తరఫున టూరు వెంబడి తిరుగుచు పసుపు వస్త్రములనే ధరించుచుండుట వినోదమే.

2019 నవంబరు 13న నతడు కన్ను మూసెను. 2021 టూరునకు వచ్చిన దౌహిత్రుడు మాత్యూ వాన్ డెర్ పూల్, మొదటి దినమున జట్టువారితో గూడ తాతగారి మెర్సియే జట్టు ఊదారంగును దొడిగి బయలుదేరెను. రెండవనాడు మ్యూర్ ద బ్రెతాన్యు మెట్టపై గెలిచి, వ్రేలు ఆకసమునకు జూపి, పసుపు చొక్కా తొడిగెను.